ఠావుల్ దప్పెనా, తావుల్ దప్పెనా?

(ఒక తెలుగు గుంపులో నడిచిన మాటలు. బెంగళూరులోనో దగ్గర్లోనో ఎవరుండే చోటే ఇక్కడ వాళ్ల పేరు.)

మారతహళ్లి:
అందరికీ నమస్కారం. 2025లో నేను ఆడిన వీడియో గేముల్లో బాగా నచ్చినవాటి మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఈ ఆటల గురించి మన భాషలో ఎవరైనా నిమ్మళంగా రాస్తే చదవాలని ఎన్నాళ్లుగానో ఆశ. ఎవరూ రాయట్లేదని నేనే మొదలుపెట్టాను. బ్లూ ప్రిన్స్ మీదా, స్ప్లిట్ ఫిక్షన్ మీదా రాసేశాను. సిల్క్‌సాంగ్ దగ్గర ఒక్క అక్షరం అడ్డం పడింది.

2019లో ప్రకటించిన ఆట. ఆరేళ్లు ఎదురుచూస్తే నిరుడు సెప్టెంబరు 4న చేతికొచ్చింది. అందులో లాస్ట్ జడ్జ్ అని ఒక బాస్, అంటే పెద్ద శత్రువు, ఉంది. దాని దగ్గరికి చేరాలంటే బెంచీ నుంచి ఇసక గాలుల్లో ఎగబాకుతూ చాలా దూరం పోవాలి. చచ్చిన ప్రతిసారీ బెంచీ దగ్గరే లేస్తాం, మళ్లీ అంత దూరమూ పోవాలి. ఒక రాత్రి రెండు దాటింది. వేళ్లు పట్టేశాయి. అప్పుడు నోటికి దానంతటదే వచ్చింది, కదిరిలో మా అమ్మమ్మ దీపం పెట్టేటప్పుడు పాడే పోతన గజేంద్రమోక్షం పద్యం:

లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
తావుల్ దప్పెను...

వ్యాసంలో సిల్క్‌సాంగ్ భాగానికి ఇదే మకుటంగా పెడదామనుకున్నాను. తీరా పుస్తకం తీస్తే ‘ఠావుల్’ అని ఉంది. అమ్మమ్మ నోట ఒత్తు ఠ విన్న గుర్తు నాకు లేదు. ఏది రాయాలి?

మల్లేశ్వరం:
ఠా. సందేహం అక్కర్లేదు బాబూ. రెండో పాదంలో పదమూడో అక్షరం చూడు: ‘తనువున్ డస్సెన్’. పాదం మొదటి అక్షరానికి అక్కడి అక్షరంతో మైత్రి కుదరాలి, అదే యతి. డకారానికి ఠకారంతోనే యతి. ‘తావుల్’ అంటే యతిభంగం. పోతన్నగారి మీద అంత నింద మనం వేయలేం.

కోలారు:
యతి సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ ఆ కుర్రాడి అమ్మమ్మ తప్పు పాడిందని నేను అనలేను. మా వైపు ఇళ్లలో అందరూ ‘తావుల్’ అనే పాడతారు. తావు మన మాటే కదా, ‘అనుమానానికి తావు లేదు’ అంటాం. బెంగళూరు కన్నడంలో చూడండి, మా ఓనరమ్మ రోజూ ‘నన్ తావ చిల్లరె ఇల్ల’ అంటుంది. తావ అంటే చోటు, దగ్గర. ఈ నేల మీద ఒత్తు లేకుండానే బతికిన మాట అది.

వైట్‌ఫీల్డ్:
మా హన్మకొండ దిక్కు ఇప్పటికీ ‘నా తాన పైసల్ లేవ్’ అంటం. తాన, తావ, ఠావు, ఠాణా అన్నీ ఒక్క ‘స్థానం’ పిల్లలే. పోతన మా దిక్కాయన. ఆయన ఊరు బమ్మెర మా ఊరికి బస్సుల పోయేంత దూరం. ఆయన నోట్ల ఏ మాట ఎట్ల పలికిందో చెప్పుడు కోలారువాళ్లకన్న మాకు జర సులువే అన్న!

కోలారు:
ఆయన మీ దిక్కువాడైనా పద్యం అందరిదీ తమ్ముడూ. అసలు నా అనుమానం వేరే. వ్యాకరణం రాసిన చిన్నయ సూరి తెనుఁగునకు వర్ణములు ముప్పదియాఱు అన్నాడు. ఆ ముప్పైయారులో ఠ లేదు. మరి ‘ఠావు’ ఎక్కడినుంచి ఊడిపడింది?

జయనగర్:
ప్రాకృతం మీదుగా వచ్చింది అన్నా. మరాఠీలో ‘ఠావ్’ ఉంది, హిందీలో ‘ఠావ్’ కొంచెం ముక్కుతో పలుకుతారు. సంస్కృతం స్థ ప్రాకృతంలో ఠ అవడం కొత్త కాదు. చిన్నప్పుడు బడికి ‘అరఠావు’ కాగితాలు కొనలేదా మనం? ఆ ఠావు వేరే సంగతనుకోండి. కానీ ఒత్తు ఠ మన నోటికి పరాయిదేం కాదు.

బన్నేరుఘట్ట:
యతి పక్కన పెట్టండి. దానికంటే గట్టి సాక్ష్యం సంధిలో ఉంది, మాస్టారు ఎందుకు వదిలేశారో తెలియదు. మొదటి పాదం చివర ‘ప్రాణంబులున్’, ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద పరుషం (క చ ట త ప) వస్తే సరళం (గ జ డ ద బ) కావాలి. అదే పాదంలో ‘విలోలంబయ్యెఁ బ్రాణంబులున్’ అని ప ని బ చేసినవాడు, మరుక్షణం ‘తావుల్’ని అలాగే వదిలేస్తాడా? ‘దావుల్’ చేసేవాడు. ఠ పరుషం కాదు గనక మారకుండా నిలిచింది. కాబట్టి పోతన రాసింది ఠావుల్.

కోలారు:
చాలా బాగుంది. కానీ మీరే నాకు దారి చూపించారు. ‘దావుల్’ అనుకుందాం. పాత తెలుగులో డప్పి–దప్పి, డాఁగు–దాఁగు, డిగు–దిగు రెండు రూపాలూ ఉన్నాయి. అలాగే ‘డస్సెన్’కి ‘దస్సెన్’ కూడా ఉండి ఉంటే? దావుల్, దస్సెన్. యతీ కుదిరింది, సంధీ కుదిరింది.

మల్లేశ్వరం:
నలభై ఏళ్లు బడిలో ఈ పద్యం చెప్పాను. ‘దస్సెన్’ నా కంట ఎక్కడా పడలేదు. డకారం ఉన్న ప్రతి మాటకూ దకారం జత ఉండాలని నియమం లేదు. ఊహకు ఒక్క ప్రయోగమైనా ఆధారం చూపించాలి నాయనా.

కోలారు:
చూపిస్తాను. కొంచెం గడువివ్వండి.

హొరమావు:
ఆటల గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను వస్తున్నా. మారతహళ్లి తమ్ముడూ, నేనూ సిల్క్‌సాంగ్ పూర్తి చేశాను. నువ్వు ఒక మాట గమనించావా? పద్యంలో ‘ప్రాణంబులున్’ బహువచనం. పోయినవి పంచప్రాణాలు. హృదయంలో ప్రాణం, నాభిలో సమానం, కంఠంలో ఉదానం, అలా ఒక్కోదానికీ ఒక్కో చోటు ఉంది. అందుకే ‘ఠావుల్’ కూడా బహువచనమైంది. ఇప్పుడు ఆటలోకి రా. మనం ఆడించే హార్నెట్‌కి మొదట ఇచ్చేవి ఎన్ని మాస్కులు, అంటే ఎన్ని ప్రాణాలు? అయిదు! పెద్ద శత్రువులు ఒక్క దెబ్బకు రెండు తీసేస్తాయి. మూడు దెబ్బలకు పంచప్రాణాలూ ఠావులు తప్పినట్టే. నీకు ఆ రాత్రి ఈ పద్యమే నోటికి రావడం ఊరికే కాదు.

మారతహళ్లి:
అన్నా, ఇది చదివి లేచి నిలబడ్డాను. అయిదని తెలుసు, పద్యంతో కలిపి ఎప్పుడూ చూడలేదు. ఇంకోటి కూడా ఉంది. ఆటలో హంటర్స్ మార్చ్ అనే చోట ఒక బెంచీ ఉంటుంది కదా, హమ్మయ్య అని కూర్చుంటే అదే ఉచ్చు, దెబ్బ కొడుతుంది. ఆటంతటా మనకు నమ్మకమైన ఠావు ఒక్క బెంచీయే, దాన్ని కూడా లాగేసుకున్నారు. నాకు ఆట మీద ప్రేమ పుట్టింది అక్కడే.

జయనగర్:
అక్షరం సంగతి మగవాళ్లు తేల్చుకోండి. నన్ను వేధించేది ‘లావు’. మా అబ్బాయికి ఈ పద్యం నేర్పిస్తుంటే ‘ఏనుగు లావు లేదంటావేంటమ్మా’ అన్నాడు. బలం అన్న అర్థం పిల్లల చెవుల్లోంచి పూర్తిగా పోయింది. సుమతి శతకంలో చూడండి, ‘లావుగలవానికంటెను భావింపఁగ నీతిపరుఁడు బలవంతుండౌ’. అక్కడా ఏనుగే, ‘గ్రావంబంత గజంబును’ మావటివాడు ఎక్కుతాడు. లావు అనగానే ఏనుగు తలపుకు రావడం మన కవులకు అలవాటేమో.

బన్నేరుఘట్ట:
రెండింటిలోనూ వకారమే ప్రాస. లావుకు ప్రాస వెతికితే ఎక్కువ దూరం పోలేరు. అంతకంటే లోతు అక్కడ వెతకనక్కర్లేదు.

ఇందిరానగర్:
ఉంది సార్, లోతు ఉంది. నాలుగు పాదాల మొదటి మాటలు వరసగా చదవండి: లావు, ఠావు, నీవే, రావే. మొదట బలం పోయింది, తర్వాత చోటు పోయింది, తర్వాత నువ్వే దిక్కు అన్నాడు, ఆఖరికి రమ్మన్నాడు. పద్యం మొత్తం ఆ నాలుగు మాటల్లోనే ఉంది. వేమన ‘స్థానబలిమి గాని తన బల్మి గాదయా’ అన్నాడు మొసలి గురించే. మొసలికి స్థానం ఉంది, బలం ఉంది. ఏనుగుకు రెండూ పోయాయి. ఆ స్థానమే ఠావు, ఆ బలిమే లావు. కాబట్టి ఇక్కడ ‘ఠావు’ అంటే ప్రాణాలు ఉండే చోటు మాత్రమే కాదు, ఏనుగు నిలబడ్డ చోటు కూడా అని నా నమ్మకం.

మల్లేశ్వరం:
అన్వయం ఒప్పుకోదమ్మా. ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’. ప్రాణాలకే ఠావులు. ఏనుగు నిలబడ్డ చోటు అందులోకి రాదు. కానీ లావు, ఠావు, నీవే, రావే వరస చాలా బాగా పట్టావు. ఇన్నేళ్లలో నేను పిల్లలకు అలా చెప్పలేకపోయాను.

వైట్‌ఫీల్డ్:
నాకైతే ‘కరి దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరి దిగుచు’ ముందు యాదికొస్తది. మారతహళ్లి తమ్మీ, ఎక్స్‌పెడిషన్ 33 మీద రాస్తలేవా? నిరుడు ఏప్రిల్ల వచ్చింది, ఫ్రాన్స్ మాంపెలియేవాళ్లు చేసిండ్రు, డిసెంబర్ల గేమ్ అవార్డ్స్‌ల ఏటి మేటి ఆట అదే. దాంట్ల పోరు వంతులవారీ. వాడు కొట్టేటప్పుడు నువ్వు సరిగ్గ ఆ క్షణానికి కాసుకోవాలె, తర్వాత నీ వంతు. కరికి మకరి, మకరికి కరి! ఆ పద్యం నడక, ఆ ఆట పోరు నడక ఒక్కటే. సిల్క్‌సాంగ్‌కు ‘లావొక్కింతయు’ పెట్టినవ్ గదా, దీనికి ఇది పెట్టు.

జయనగర్:
ఎక్స్‌పెడిషన్ 33 మా అబ్బాయి ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఏటా అందులో ఒక చిత్రకారిణి రాతి మీద ఒక్కో అంకె తగ్గించి రాస్తుంది, ఆ వయసువాళ్లు పూలరేకుల్లా రాలి మాయమైపోతారు. మొదటి గంటలోనే ఏడ్చాను. ‘కరి దిగుచు’ దానికి చాలదు. ఆ పద్యంలో బలం ఉంది కానీ ఆ దుఃఖం లేదు.

హొరమావు:
ఆ ఆట మొదటి స్థానంలో ఉండాలి. సిల్క్‌సాంగ్ చేతులకు పని పెట్టింది, ఇది గుండెకు పెట్టింది. వ్యాసంలో ఏది పైన పెట్టావు తమ్ముడూ?

మారతహళ్లి:
ఇంకా తేల్చుకోలేదు అన్నా. ఎక్స్‌పెడిషన్ ముగిశాక రెండు రోజులు వేరే ఆట ముట్టుకోలేకపోయాను. సిల్క్‌సాంగ్ నెలన్నర పాటు ఆఫీసు బస్సులో కూడా కళ్లముందు తిరిగింది. స్ప్లిట్ ఫిక్షన్‌ది ఇంకో దారి. అది ఇద్దరు కలిసే ఆడాలి. దసరా సెలవుల్లో మా చెల్లితో ఆడాను. పదేళ్ల తర్వాత మేమిద్దరం ఒక సోఫాలో కూర్చుని అరుచుకున్నాం. వీటిని వరసలో పెట్టడం నాకు చేతకావట్లేదు. బ్లూ ప్రిన్స్ భాగానికి మాత్రం పోతన మాటే పెట్టేశాను. ఆ ఇంట్లో గదులు నలభై అయిదే, కానీ నలభై ఆరోది వెతకాలి. రోజుకు యాభై అడుగులతో మొదలు, తెల్లారితే ఇల్లంతా మారిపోతుంది. వారం రోజులు తిరిగాక నాకు అనిపించింది: కలదు కలదనెడి గది కలదో లేదో.

మల్లేశ్వరం:
‘కలఁడు కలం డనెడువాఁడు కలఁడో లేఁడో’. దాన్ని గదికి వాడుతుంటే మొదట మనసు కొంచెం ముడుచుకుంది. మళ్లీ చదువుకున్నాను. ఏనుగు కూడా కనపడని దాన్నే వెతుకుతోంది. కంద పాదాన్ని విరగ్గొట్టావు గనక కొటేషన్ గుర్తులు పెట్టకు, అంతే చాలు.

నేను చూడని లోకం ఇది. ఒక్కటి అడుగుతాను. ఆ జడ్జి చేతిలో ఎన్నిసార్లు పోయావు?

మారతహళ్లి:
ముప్పైకి పైనే మాస్టారూ. ఓడాక అది పేలిపోతుందని తెలియక, గెలిచిన సంతోషంలో పక్కనే నిలబడి ఇంకోసారి కూడా పోయాను.

మల్లేశ్వరం:
గజేంద్రుడు వెయ్యేళ్లు పోరాడాడు. ఆ వెయ్యేళ్లూ తన లావు మీదే నమ్మకం. అది పోయాకే పిలిచాడు, పిలిచాక ఆయన ‘సిరికిం జెప్పఁడు’. శంఖచక్రాలు లేవు, పరివారం లేదు, పక్కనున్న లక్ష్మికి మాట లేదు. ఆ పరుగును పోతన్నగారు చెప్పినట్టు ఇంకెవరు చెప్పగలరు? పద్యం పేరెత్తితే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. నువ్వు అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని దాన్ని తలుచుకున్నావు. ఏ సందర్భమైతేనేం.

కోలారు:
‘దస్సెన్’కి ప్రయోగం ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను. కానీ మారతహళ్లీ, నా మాట విని మకుటంలో ‘తావుల్’ అనే పెట్టు. కింద చిన్నగా ‘మా అమ్మమ్మ పాఠం’ అని రాయి. నీకు ఆ రాత్రి వినపడింది పుస్తకం కాదు, ఆమె గొంతు.

బన్నేరుఘట్ట:
పాఠాంతరమని పేరు పెట్టగానే తప్పు ఒప్పయిపోదు. చదివినవాళ్లు అదే అసలనుకుంటారు.

జయనగర్:
అమ్మమ్మ ఉన్నారా బాబూ?

మారతహళ్లి:
ఉన్నారక్కా, కదిరిలోనే. ఎనభై రెండు. ఇప్పుడే ఫోన్ చేసి పాడమన్నాను. ఎందుకని కూడా అడగకుండా పాడేసింది. నాలుగుసార్లు విన్నాను. ఆ అక్షరం దగ్గర ఆమె ఊపిరి తీసుకుంటుంది, ‘ప్రాణంబులున్’ అని ఆగి. తర్వాత వచ్చేది తా కాదు, ఠా కాదు, రెంటికీ నడుమ ఏదో ఉంది. రికార్డింగ్ ఇక్కడ పెడుతున్నాను, వినండి.

కోలారు:
తా. స్పష్టంగా తా.

మల్లేశ్వరం:
నాకు ఠా వినిపించింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూడా విన్నాను.

వైట్‌ఫీల్డ్:
అది వదిలెయ్యుండ్రి. మూడో పాదం ఎవరన్న విన్నరా? అమ్మమ్మ ‘నీవే తప్ప’ అంటలేదు, ‘నీవే దప్ప’ అంటున్నది. బన్నేరుఘట్ట సార్, మీ సంధి లెక్క ప్రకారం ఇది ఎట్ల?

బన్నేరుఘట్ట:
మళ్లీ వింటున్నాను. ఆగండి.