ఎండాకాలం వచ్చాక గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలు చూపిస్తోంది, పాడైపోతుందా?

ప్రశ్న (ఖమ్మం నుంచి):

అన్నలూ, అక్కలూ, ఒక సందేహం. నా దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 ఉంది, రెండు ఫ్యాన్ల కార్డు. జనవరిలో గేమ్ ఆడితే 70 దాటేది కాదు. ఇప్పుడు ఏప్రిల్ వచ్చేసరికి అరగంట ఆడితే చాలు 83, 84 చూపిస్తోంది, ఫ్యాన్ల మోత పక్క గదిలోకి వినిపిస్తోంది. గదిలో ఏసీ లేదు, మధ్యాహ్నం లోపలే 38 ఉంటుంది. నెట్‌లో వెతికితే ఒకాయన 70 దాటితే ప్రమాదం అంటాడు, ఇంకొకాయన 90 అయినా ఏం కాదంటాడు. నాన్నని అడిగి అడిగి కొనిపించుకున్న కార్డు ఇది, పోతే మళ్లీ కొనే పరిస్థితి లేదు, అందుకే ఇంత టెన్షన్. దగ్గర్లో షాపులో అడిగితే లోపల చిప్‌కీ దాన్ని చల్లబరిచే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, తీసుకురా మారుస్తాం అన్నారు. వారంటీ ఇంకా ఉంది. ఇంకో మాట, కూలర్‌ని సీపీయూ పక్కనే పెట్టి గాలి దాని మీదికి తిప్పితే తగ్గుతుందా?

జవాబు:

తమ్ముడూ, 84 ఆ కార్డుకు ప్రమాదం కాదు, ముందు అది మనసులో పెట్టుకో. ఆర్‌టీఎక్స్ 3060కి ఎన్విడియా ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. దాని తర్వాత వచ్చిన 4060కి 90. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి కార్డు తనంతట తానే స్పీడు బాగా తగ్గించేసుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే ఆగిపోతుంది, అంతేగానీ కాలిపోయేదాకా పరిగెత్తదు. పైగా చాలా ఎన్విడియా కార్డుల్లో టెంపరేచర్ టార్గెట్ మొదటి నుంచీ 83 దగ్గరే పెట్టి ఉంటుంది. కార్డు అక్కడికి చేరాక ఫ్యాన్లు పెంచుతూ, క్లాక్ (చిప్ స్పీడు) కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. నీకు 83, 84 దగ్గర ఆగుతోందంటే, మోత పెరిగిందంటే కారణం అదే అయి ఉంటుంది.

ఇక పేస్ట్ సంగతి. నువ్వు ఇచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. జనవరి రాత్రి గదిలో 24 ఉందనుకో, కార్డు 70, అంటే గది కన్నా 46 డిగ్రీలు ఎక్కువ. ఇప్పుడు గదిలో 38, దానికి 46 కలిపితే 84. ఫ్యాన్ స్పీడు మారుతుంది కాబట్టి ప్రతిసారీ ఇంత అచ్చంగా కుదరదు గానీ, విషయం మాత్రం ఇదే: కార్డు మారలేదు, గది మారింది. ఏ ఫ్యాన్ అయినా గదిలో ఉన్న గాలినే కార్డు మీదికి తోస్తుంది, ఆ గాలి కన్నా చల్లగా చేయలేదు. నెట్‌లో చెప్పే అంకెల్లో చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో చూసినవి, వాటిని తెచ్చి ఖమ్మం ఏప్రిల్ మధ్యాహ్నానికి పెట్టి చూసుకుంటే ఎవరికైనా భయమే వేస్తుంది.

పేస్ట్ నిజంగా పోయిందో లేదో కార్డు విప్పకుండానే తెలుస్తుంది. జీపీయూ-జీ గానీ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో గానీ వేసుకో, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. అందులో జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్) టెంపరేచర్ కింద హాట్‌స్పాట్ అని ఇంకో అంకె ఉంటుంది, చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు అది. రెండిటి మధ్య తేడా 10 నుంచి 15 ఉంటే మామూలే. 25, 30 దాటితే అప్పుడు పేస్ట్ మీద, హీట్‌సింక్ బిగింపు మీద అనుమానపడాలి. అలాగే జీపీయూ-జీలో పెర్ఫ్‌క్యాప్ రీజన్ అని, కార్డు స్పీడుని ఏది ఆపుతోందో చెప్పే ఒక వరుస ఉంటుంది, గేమ్ నడుస్తుండగా అక్కడ ఏముందో చూడు. పవర్ అని గానీ వోల్టేజ్ అని గానీ ఉంటే కార్డు తన మామూలు హద్దులో పనిచేస్తోందని అర్థం, థర్మల్ అని వస్తే వేడి వల్ల స్పీడు తగ్గిస్తోందని. ఈ రెండూ చూసి ఇక్కడ రాయి, అప్పటిదాకా కార్డుని షాపుకి తీసుకెళ్లకు. వారంటీలో ఉన్నది బయట విప్పిస్తే రేపు నిజంగా ఏదైనా అయినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

మరో జవాబు (కంప్యూటర్ రిపేర్లు చేస్తాను):

పైన చెప్పింది కరెక్ట్. కూలర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఆ పని మాత్రం చేయొద్దు బాబూ. కూలర్ గాలి తడి గాలి, దగ్గర నుంచి వచ్చేటప్పుడు సన్నటి తుంపర కూడా ఉంటుంది. మన దగ్గర కూలర్లలో పోసేది బోరు నీళ్లు, ఆ ఉప్పంతా బోర్డు మీద, స్లాట్ల మీద తెల్లగా పేరుకుంటుంది, కనెక్టర్లు తుప్పు పడతాయి. ఎండాకాలం అయ్యాక అలాంటి బోర్డులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, వేడికి పోయినవాటి కన్నా తేమకి పోయినవే ఎక్కువ చూస్తాను. కూలర్‌ని కిటికీ దగ్గర పెట్టి గది మొత్తం చల్లబరచుకో, ఇంకో కిటికీ తెరిచి ఉంచు, దాని గాలి నేరుగా సీపీయూ మీదికి రాకుండా చూసుకో.

ఇంతకీ సీపీయూ ఎక్కడ పెట్టావు? ఒక చిన్న పరీక్ష చెయ్యి. అదే గేమ్, అదే గదిలో, క్యాబినెట్ పక్క రేకు తీసేసి ఓ 20 నిమిషాలు ఆడు. 5 డిగ్రీలో ఇంకా ఎక్కువో తగ్గిందంటే కార్డు తప్పేం లేదు, లోపలికి గాలి అందడం లేదు, అంతే.

అడిగినవారు:

అన్నా, చూశాను. గేమ్‌లో 84 ఉన్నప్పుడు హాట్‌స్పాట్ 96, అంటే తేడా 12. పెర్ఫ్‌క్యాప్‌లో ఎక్కువసేపు పవర్ అనే ఉంది, థర్మల్ అప్పుడప్పుడు వచ్చి పోతోంది. రేకు తీస్తే 77కి దిగింది! సీపీయూ కంప్యూటర్ టేబుల్ కింది అరలో ఉంది, ముందు తలుపు, వెనక చెక్క, వైర్ల కోసం ఒక కన్నం. ముందువైపు ఫ్యాన్ల మీద జాలీకి దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది.

రిపేర్లు చేసే సభ్యుడు:

దొరికింది కదా. ఆ అరలోంచి బయటికి తీసి గోడకి ఓ జానెడు దూరంలో పెట్టు, నేల మీద కాకుండా చిన్న స్టూల్ మీద. లోపల వదిలిన వేడి గాలినే కార్డు మళ్లీ మళ్లీ పీల్చుకుంటోంది అక్కడ. రేకు మాత్రం తిరిగి పెట్టెయ్, తీసి ఉంచితే దుమ్ముతో పాటు బల్లులు కూడా దూరతాయి. దుమ్ము దులిపేటప్పుడు స్విచ్ ఆపి ప్లగ్ పీకెయ్, బయట వరండాలో చెయ్యి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకో, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. తడిగుడ్డ వద్దు.

ఇంకో జవాబు (హైదరాబాద్ నుంచి):

నేను బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్లు రాత్రంతా పెడతాను, కాబట్టి ఈ వేడి గొడవ నాకు రోజూ ఉండేదే. గాలి సరిచేశాక కూడా ఇంకా తగ్గాలంటే ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించు. 3060 తినేది 170 వాట్లు, అది 136 అవుతుంది. ఆ తేడా అంతా గదిలోకి రాని వేడే. గేమ్‌లో తగ్గే ఫ్రేములు కొన్నే, కంటికి ఆనవు. నీ మానిటర్ ఎన్ని హెర్ట్జ్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు చూపగలదు? 75 అయితే గేమ్ 130 ఫ్రేములు ఇవ్వడం వల్ల నీకు ఒరిగేది పెద్దగా ఏం లేదు, డ్రైవర్ సెట్టింగుల్లో 75కి ఆపెయ్. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే, పైసా ఖర్చు లేదు. అండర్‌వోల్టింగ్ (చిప్‌కి ఇచ్చే వోల్టేజ్ తగ్గించడం) ఇంకా మంచిదే గానీ దానికి ఓపిక కావాలి, క్రాష్ అయిన ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలి, ఇప్పుడే అక్కర్లేదు.

మధ్యలో ఒకరు:

నాది ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600, హాట్‌స్పాట్ 95 అని చూపిస్తోంది, నేను కూడా కంగారు పడాలా అక్కా?

హైదరాబాద్ సభ్యురాలు:

అక్కర్లేదండీ. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో జంక్షన్ అనేది కూడా ఆ హాట్‌స్పాటే. 2019లో ఆర్‌ఎక్స్ 5700 కార్డులు వచ్చినప్పుడే, గేమ్ ఆడేటప్పుడు 110 వరకూ జంక్షన్ వేడి మామూలేనని ఏఎండీ చెప్పింది. హాట్‌స్పాట్ అంకెని తీసుకెళ్లి ఇంకొకరి మామూలు జీపీయూ టెంపరేచర్‌తో పోల్చొద్దు, సగం గందరగోళం అక్కడే వస్తోంది.

అడిగినవారు:

అక్కా, మానిటర్ 75 హెర్ట్జే. సీపీయూ బయట పెట్టాను, జాలీ కడిగి బాగా ఆరాక బిగించాను, ఫ్రేములు 75కి ఆపాను, పవర్ లిమిట్ ఇంకా ముట్టుకోలేదు. అదే మధ్యాహ్నం వేడిలో ఇప్పుడు 71, 72 దగ్గర ఉంటోంది, ఫ్యాన్ల చప్పుడు బాగా తగ్గింది. షాపుకి కార్డు తీసుకెళ్లడం లేదు. ఒక్కటే అనుమానం, ఊరికే బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు ఫ్యాన్లు అసలు తిరగడం లేదు, 48, 50 అలా ఉంటోంది. అది పర్వాలేదా?

మొదట జవాబిచ్చిన సభ్యుడు:

పర్వాలేదు తమ్ముడూ, చాలా కార్డుల్లో 50, 55 దాటాకే ఫ్యాన్లు తిరగడం మొదలుపెడతాయి, చేసినవాళ్లు పెట్టిన పద్ధతే అది. మేలో గదిలో ఇంకో 3, 4 డిగ్రీలు పెరిగితే కార్డు కూడా అంతే పెరుగుతుంది, అప్పుడు పవర్ లిమిట్ వాడుకో. గేమ్‌లో కూడా ఫ్యాన్ తిరగకపోయినా, తెర మీద రంగురంగుల చుక్కలు వచ్చినా, గేమ్ మధ్యలో తెర నల్లబడి ఫ్యాన్లు ఒక్కసారిగా మోత పెట్టినా, లేదంటే ఇప్పుడు 12 ఉన్న ఆ తేడా 25 దాటినా బిల్లు తీసుకుని నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లు.