కుందేలు బోను: ట్రే కడిగినా వాసన పోవట్లేదు

ప్రశ్న: ట్రే రోజూ సబ్బుతో కడుగుతున్నా సాయంత్రానికల్లా ముక్కులదిరే ఘాటు. అడుగున తెల్లటి పెచ్చు కట్టింది, గీకినా రావట్లేదు. ఏం చేయాలండీ?

జవాబు: ఆ పెచ్చు కాల్షియం. కుందేలు మూత్రంలో అది మామూలుగానే ఎక్కువ, సబ్బుకు లొంగదు. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పోసి 20 నిమిషాలు నాననిచ్చి రుద్దండి. మొండికేస్తే నీళ్లు కలపని వెనిగరే పోయండి. కత్తితో గీకొద్దు, ప్లాస్టిక్ గీతల్లో మూత్రం చేరి కంపు అక్కడే ఉండిపోతుంది. బ్లీచ్ జోలికి అసలు పోకండి: వెనిగర్‌తో కలిసినా, మూత్రంలోని అమ్మోనియాతో కలిసినా విషవాయువే.

జవాబు: ఇంతకీ కింద ఏం పరుస్తున్నారు? కాగితం గుళికలు రెండు మూడు సెంటీమీటర్ల మందాన వేసి, పైన ఎండుగడ్డి పరవండి. తడిసిన మూల రోజూ తీసేయాలి. సెడార్ (దేవదారు జాతి చెక్క) పొట్టు, తడిస్తే గడ్డకట్టే పిల్లి లిట్టర్ (పిల్లుల మలమూత్రాల కోసం ట్రేలో పోసే పొడి) వద్దు.

జవాబు: కుందేలు మగదై గోడలకు మూత్రం చిమ్ముతుంటే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే మందు. వాసన తగ్గుతుందని తాగే నీళ్లు మాత్రం తగ్గించకండి, మూత్రం చిక్కబడి ఇంకా కంపు కొడుతుంది.