స్క్రీన్ ఎర్రగా మారి సైరన్ కొడుతోంది, కింద ఫోన్ నంబరు ఉంది. ఫార్మాట్ కొట్టించాలా?

గరివిడి_అబ్బాయి: నాన్నగారి లాప్‌టాప్ (విండోస్ 10)లో క్రోమ్ తెరిస్తే స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోయి సైరన్ మోగుతోంది. 'మీ కంప్యూటర్ లాక్ అయింది, మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చెయ్యండి' అని నంబరు. మౌస్ బాణం కూడా కనబడట్లేదు. విజయనగరం తీసుకెళ్లి ఫార్మాట్ చేయించాలా?

పాలకొండ_రోడ్డు: ఫార్మాట్ అక్కర్లేదండి. అది వైరస్ కాదు, ఫుల్ స్క్రీన్‌లో తెరుచుకున్న వెబ్‌పేజీ. బాణాన్ని దాచేది కూడా ఆ పేజీయే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజీల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు, అక్కడే దొంగ దొరికిపోయాడు.

ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి. వదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ మీద ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు 'రీస్టోర్' అని అడిగితే నొక్కొద్దు, అదే పేజీ తిరిగొస్తుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ చూడండి. తెలియని సైట్లకి 'అలో' ఉంటే తీసెయ్యండి. కొనని యాంటీవైరస్‌కి 'గడువు అయిపోయింది' అంటూ కుడివైపు మూల వచ్చే డబ్బాలు చాలావరకు అక్కడివే.

గరివిడి_అబ్బాయి: పోయిందండి, థాంక్స్. కానీ నాన్న పొద్దున్నే ఆ నంబరుకి చేసేశారట! ఎనీడెస్క్ (దూరం నుంచే కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రాం) పెట్టించి, ఏదో లిస్టు నిండా ఎర్ర గుర్తులు చూపించారట. డబ్బు కట్టలేదు.

కోట_జంక్షన్: అయితే ముందు వైఫై ఆపెయ్యండి. ఎర్ర గుర్తులు ఈవెంట్ వ్యూయర్‌లోవి, అంటే విండోస్ చిన్నాపెద్దా లోపాలన్నీ రాసుకునే చిట్టా. నిక్షేపంలా ఉన్న కంప్యూటర్‌లోనూ అవి వందల్లో ఉంటాయి, వాటికీ వైరస్‌కీ సంబంధం లేదు.

ఎనీడెస్క్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. ఊరికే మూసేస్తే చాలదు: వాళ్లు అందులో పాస్‌వర్డ్ పెట్టి ఉంచితే, ఇటువైపు ఎవరూ ఒప్పుకోకుండానే మళ్లీ లోపలికి రావచ్చు. ఇవాళ తేదీతో చేరిన మిగతా ప్రోగ్రాములూ తీసెయ్యండి. ఆపైన విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. రీస్టార్ట్ అయి సుమారు పావుగంట పడుతుంది, ఛార్జర్ పెట్టే ఉంచండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మాత్రం ఫోన్‌లోంచి మార్చాలి, ఈ లాప్‌టాప్‌లో కాదు.

వాళ్లు చూస్తుండగా నెట్ బ్యాంకింగ్ తెరిచారా అని నాన్నగారిని నెమ్మదిగా అడగండి. కసిరితే చెప్పరు. తెరిచి ఉంటే వెంటనే బ్యాంకుకి చెప్పి ఆపించండి. రూపాయి పోయినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాల్సిందే, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. 'రీఫండ్ ఇస్తాం' అని మళ్లీ ఫోన్ వచ్చినా వాళ్లే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు.

రాజాం_సిస్టమ్స్: షాపుకి ఇవ్వాల్సొస్తే టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్‌లో ర్యామ్ ఎన్ని జీబీలో, డిస్క్ మోడల్ ఏంటో ఫోటో తీసుకుని ఇవ్వండి. పార్టు మారిస్తే పాతది అడిగి తీసుకోండి. యాంటీవైరస్ కొనమంటే కీ మీ మెయిల్ మీదే రిజిస్టర్ చెయ్యమనండి. అసలు విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. పైన రెండు యాంటీవైరస్‌లు వేస్తే మిషను నెమ్మదిస్తుందంతే.

ఇంకోటి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం లేదా ఆ పైది, టీపీఎమ్ 2.0 (సెక్యూరిటీ చిప్) ఉంటే విండోస్ 11కి వెళ్లండి. ఆ అప్‌గ్రేడ్ ఉచితం, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లోనే వస్తుంది. క్రాక్ చేసిన కాపీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కిస్తామంటే మాత్రం వద్దనండి.