డాపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే మూత్రంలో షుగర్ 4 ప్లస్: ఎండాకాలం ఆపాలా?

ప్రశ్న (గుంటూరు):
మా బాబాయిగారికి 58 ఏళ్లు, మిర్చి యార్డులో కాటా దగ్గర పని. షుగర్‌కి మెట్‌ఫార్మిన్‌కి తోడు డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. రాశారు. పరగడుపు షుగర్ 118కి దిగింది గానీ మూత్రంలో నాలుగు ప్లస్‌లు వచ్చాయి. రక్తంలో తగ్గింది మూత్రంలో ఎలా పెరిగింది? రోహిణి కార్తెలో ఇది వాడొచ్చా? బీపీకి నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువగా పోయించేది) కూడా వేసుకుంటారు.

జవాబు (ఫార్మసిస్టు, గవర్నర్‌పేట):
మందు పనిచేస్తోందండీ, అంతే. ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు రోజూ సుమారు 180 గ్రాముల గ్లూకోజు వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి లాగేస్తాయి. ఆ పనిలో తొంభై శాతం ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్‌ది. డాపా దాన్ని ఆపుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి రోజుకి 70 గ్రాముల దాకా మూత్రంలో పోతుంది, అంటే 280 క్యాలరీలు. దీనికి ఇన్సులిన్‌తో పని లేదు. రక్తంలో గ్లూకోజు తగ్గేకొద్దీ వడపోతకి వచ్చేదీ తగ్గుతుంది కాబట్టి, మెట్‌ఫార్మిన్‌తో కలిపి వాడినా షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్లో ఇన్సులినో కలిస్తే మాత్రం ఆ ధీమా వద్దు. ఈ బిళ్ల వాడినన్నాళ్లూ మూత్రం స్ట్రిప్ ప్లస్సే చూపిస్తుంది. వేలి చుక్కతో రక్తంలో షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చూడండి.

జవాబు (జనరల్ ఫిజీషియన్, విజయవాడ):
ఎండ సంగతి అసలు ముఖ్యం. గ్లూకోజు తనతో నీటినీ ఉప్పునీ లాక్కుపోతుంది. యార్డులో చెమట, పైన నీళ్ల బిళ్ల, మూడూ కలిస్తే బీపీ పడిపోయి, కూర్చుని లేవగానే కళ్లు తిరుగుతాయి. కిడ్నీ మీదా భారం పడుతుంది. ఎండలు ముదరకముందే నీళ్ల బిళ్ల డోసు తగ్గించాలా అని డాక్టర్ని అడగండి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించండి. దాహానికి నీళ్లు, పల్చని మజ్జిగ. చెరుకు రసం వద్దు.

వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సయించని రోజు డాపా, మెట్‌ఫార్మిన్ రెండూ ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మామూలుగా తిని తాగడం మొదలయ్యాక 24 నుంచి 48 గంటలకి మళ్లీ వేసుకోవచ్చు. ఏకాదశి ఉపవాసాలు ఉండేవాళ్లూ ముందే అడగాలి. కడుపు ఖాళీగా ఉంటే ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు: మీటర్‌లో 180 చూసి ధైర్యపడతారు, లోపల రక్తం ఆమ్లంగా మారుతుంటుంది. వికారం, కడుపునొప్పి, ఆయాసం ఉంటే మీటర్ అంకె ఎంతున్నా ఆసుపత్రికి వెళ్లి, ఈ బిళ్ల వాడుతున్నట్టు చెప్పి కీటోన్లు చూడమనండి. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఆపుతారు.

ప్రశ్న అడిగినవారు:
కింద దురదగా ఉందట, డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడుతున్నారు.

జవాబు (ఫార్మసిస్టు, గవర్నర్‌పేట):
చెప్పించండి. తీపి తడికి ఫంగస్ పడుతుంది. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. చాలావరకు క్లోట్రిమజోల్ క్రీముతో తగ్గుతుంది. స్టిరాయిడ్ కలిసిన క్రీములు కొనకండి, ఫంగస్ ముదురుతుంది. ఆ చోట వాపు, తీవ్రమైన నొప్పి, జ్వరం వస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.