పేద కక్షిదారుల పక్షాన న్యాయవాద వృత్తి ప్రారంభించడం ఎలా?

ప్రశ్న (అనంతపురం జిల్లా సభ్యురాలు):

గౌరవ సభ్యులకు నమస్కారం. నేను మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసి, ఇటీవలే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యాను. అఖిల భారత బార్ పరీక్ష ఇంకా రాయవలసి ఉంది. మా ఇంట్లో ఇంతకు ముందు న్యాయవాదులెవరూ లేరు. నాన్నగారు మార్కెట్ యార్డులో హమాలీగా పనిచేస్తున్నారు కనుక ఎక్కువ కాలం ఇంటి మీద ఆధారపడలేను. కూలీలు, భర్త వదిలేసిన స్త్రీలు, జామీను ఇచ్చేవారు లేక జైలులోనే ఉండిపోయినవారు, ఇటువంటి వారి కేసులే ప్రధానంగా చేయాలని నిశ్చయించుకున్నాను. పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో, అంటే దాని వకీళ్ల జాబితాలో, ఇప్పుడే చేరవచ్చా? సీనియర్ దగ్గర చేరడం మంచిదా, స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం మంచిదా? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (కర్నూలు సభ్యుడు, క్రిమినల్ ప్రాక్టీసు):

అమ్మా, ముందుగా పరీక్ష సంగతి. ఎన్‌రోల్ అయిన తేదీ నుంచి రెండేళ్లలోగా అది ఉత్తీర్ణులు కాకపోతే ప్రాక్టీసు చేసే హక్కు నిలిచిపోతుంది కనుక దానిని వాయిదా వేయవద్దు.

ప్యానెల్ విషయంలో 2010 నాటి జాతీయ న్యాయసేవాధికార సంస్థ నిబంధనల ప్రకారం సాధారణంగా మూడేళ్ల ప్రాక్టీసు ఉన్నవారినే తీసుకుంటారు. అయితే మీ వంటి వారికి మరొక దారి ఉంది. వకీలును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించడానికి ఉన్న, 2022లో సవరించిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో చీఫ్, డిప్యూటీ పోస్టులతో పాటు అసిస్టెంట్ పోస్టులు కూడా ఉన్నాయి. చీఫ్‌కు పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు కావాలి గాని, అసిస్టెంట్‌గా మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది కాంట్రాక్టు పద్ధతిలో నెల జీతంతో చేసే పూర్తికాలపు పని. ఆ కాలంలో ప్రైవేటు కేసులు చేపట్టకూడదు. నోటిఫికేషన్ కోసం జిల్లా కోర్టు నోటీసు బోర్డును, సంస్థ వెబ్‌సైటును తరచుగా చూస్తూ ఉండండి. అది వచ్చేవరకు మండల న్యాయసేవాధికార కమిటీ నిర్వహించే న్యాయ విజ్ఞాన సదస్సులకూ లోక్ అదాలత్‌లకూ వెళుతూ ఉంటే అక్కడి పారా లీగల్ వాలంటీర్లు (ప్రజలకూ న్యాయసేవాధికార సంస్థకూ మధ్య పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు) మీకు పరిచయమవుతారు. ఊళ్లలో ఎవరికి ఏ కష్టం వచ్చిందో వారికి తెలిసినంతగా కోర్టులో ఎవరికీ తెలియదు.

సీనియర్ దగ్గర చేరాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: తప్పకుండా చేరండి, అది కూడా రోజూ ట్రయల్ నడిపే సీనియర్ దగ్గర. డబ్బిచ్చి పెట్టుకునే వకీలుకు ఎంత పనితనం ఉండాలో, ఉచితంగా వచ్చే వకీలుకూ అంతే ఉండాలి. సాక్షిని క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేయడం రానివారి చేతిలో పేదవాడి కేసు పెట్టడం అతనికి చేసే అన్యాయమే. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ)లో భాగంగా గుర్తించింది. ఆ హక్కు నిజం కావాలంటే ఆ పేరుతో వచ్చిన వకీలుకు పని తెలిసి ఉండాలి.

ఇక బెయిల్ గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే పేదవారి కేసు ఎక్కువగా దెబ్బతినేది ఉత్తర్వు వచ్చిన తరువాతనే. ఉదాహరణకు, చిన్న దొంగతనం కేసులో రిమాండులో ఉన్న ఒక కూలీకి పదివేల రూపాయల చొప్పున ఇద్దరు జామీనుదారులు కావాలని మేజిస్ట్రేటు గారు ఉత్తర్వు ఇచ్చారనుకోండి. చాలామంది వకీళ్ల దృష్టిలో అక్కడితో పని అయిపోయింది. కాని అతని తమ్ముడి పేరున ఇంటి పన్ను రసీదు ఉండదు, బంధువులు వేరే జిల్లాలో ఉంటారు, చివరికి బెయిల్ వచ్చిన మనిషి జైలులోనే ఉండిపోతాడు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను తిరస్కరిస్తే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండుపై విడుదల చేయించారు. ఆ తీర్పు ప్రతి ఒకటి ఎప్పుడూ మీ బ్యాగులో ఉండాలి.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బెయిల్ ఉత్తర్వు ప్రతిని అదే రోజు లేదా మరునాడు ఈమెయిల్ ద్వారా జైలు సూపరింటెండెంటుకు పంపాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే ఆయన జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలోగా జామీను సమకూరకపోతే కోర్టు తానుగా షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఎనిమిదో రోజున కార్యదర్శి గారి కార్యాలయానికి వెళ్లి అడిగే వకీలు ఉంటేనే అవి అమలవుతాయి. ఆ వకీలు మీరు కావాలి. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం కేంద్ర హోం శాఖ 2023లో తెచ్చిన పథకం కింద, కొన్ని రకాల నేరాలకు మినహాయింపుతో, విచారణ ఖైదీకి నిర్ణీత పరిమితి వరకు ఆర్థిక సహాయం అందే వీలుంది. దాని కోసం జిల్లా కమిటీ ముందు దరఖాస్తు పెట్టించండి.

రిమాండు తేదీలను ఒక డైరీలో విడిగా రాసుకోండి. చార్జిషీటు పడకుండా నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజులు దాటితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతికి సంబంధించిన చట్టం) 187వ సెక్షన్ కింద బెయిల్ హక్కుగా వస్తుంది. అయితే చార్జిషీటు పడేలోపే మీరు పిటిషన్ వేసి ఉండాలి. అదే సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఉరి లేదా యావజ్జీవ శిక్షకు వీలున్న నేరాలు కాకపోతే, గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపిన తరువాత విడుదలకు అర్హులు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే మాత్రం ఈ సెక్షన్ అక్కరకు రాదు.

సమాధానం (వరంగల్ సభ్యురాలు, ఫ్యామిలీ కోర్టు ప్రాక్టీసు):

పై సభ్యులు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. స్త్రీల కేసుల గురించి కొంత చేరుస్తాను. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండానే ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. అందుచేత భర్త వదిలేసిన స్త్రీని ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిప్పవలసిన అవసరమే లేదు. ఈ చిన్న విషయం తెలియక ఎందరో వెనక్కు వెళ్లిపోతున్నారు.

మీ దగ్గరకు వచ్చే అమ్మ సాధారణంగా ఒక పాలిథిన్ కవరులో కాగితాలన్నీ కుక్కుకొని వస్తుంది. పెళ్లి శుభలేఖ, రేషన్ కార్డు జిరాక్స్, ఆసుపత్రి చీటీలు, స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు, ఎవరో వకీలు పంపిన నోటీసు, అన్నీ అందులోనే ఉంటాయి. వెంటనే పిటిషన్ రాయడం మొదలుపెట్టకుండా, ఆమె ఎదుటనే వాటిని తేదీల వరుసలో పేర్చి, ఏ తేదీన ఏం జరిగిందో ఒక పేజీలో రాసి, ఆమెకు చదివి వినిపించండి. మధ్యలో ఆమె ‘అది కాదమ్మా, అంతకు ముందే’ అని సరిచేస్తుంది. రేపు క్రాస్‌లో ఆమెను నిలబెట్టేది ఆ పేజీయే.

భరణం కేసులలో 2020 నాటి రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పును అనుసరించి ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి. భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కకు వస్తుంది. భర్త తరఫు అఫిడవిట్ పడకుండా వాయిదాలు జరుగుతుంటే మౌనంగా ఊరుకోవద్దు. ఉత్తర్వు వచ్చిన తరువాత బకాయి వసూలు మరింత ముఖ్యమైనది: బకాయి పడిన ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఆ మొత్తానికి నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద వారంటు రాదు. కాబట్టి ప్రతి కక్షిదారు పేరు పక్కన ఆ గడువు తేదీ రాసి పెట్టుకోండి. ‘పెద్దమనుషులు మాట్లాడుతున్నారు, ఆగమన్నారు’ అన్న మాట మీద గడువు దాటిపోయి, ఏళ్ల తరబడి భరణం పోగొట్టుకున్నవారిని చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అనుబంధ ప్రశ్న (అనంతపురం సభ్యురాలు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్వచ్ఛంద సంస్థ ఉద్యోగం గురించి ఎవరూ చెప్పలేదు. అలాగే, ప్రమాద పరిహారం కేసులలో వచ్చిన సొమ్ములో ఇంత శాతం అని మాట్లాడుకుంటే కక్షిదారు ముందుగా ఏమీ ఇవ్వనక్కరలేదని కొందరు అంటున్నారు. అది సరైనదేనా?

సమాధానం (కర్నూలు సభ్యుడు):

సరైనది కాదు. గెలుపుపై ఆధారపడిన ఫీజును, వచ్చిన సొమ్ములో వాటాను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. చుట్టూ ఎంత అలవాటుగా కనిపించినా మీరు ఆ జోలికి పోవద్దు. కాలు పోగొట్టుకున్న మనిషి పరిహారంలో వాటా అడిగిన తరువాత పేదల వకీలునని చెప్పుకోవడానికి మనసు రాదు. ముందుగానే ఒక నిర్ణీత ఫీజు చెప్పి, వాయిదాల మీద తీసుకోండి, రసీదు ఇవ్వండి. న్యాయసేవాధికార సంస్థ అప్పగించిన కేసులో మాత్రం కక్షిదారు దగ్గర ఒక్క రూపాయి కూడా, టైపింగ్ ఖర్చుల పేరుతో కూడా, తీసుకోకూడదు.

సంస్థలో చేరేముందు నియామక పత్రం జాగ్రత్తగా చదవండి. పూర్తికాలపు జీతగాడిగా ఉన్న వ్యక్తి ప్రాక్టీసు చేయకూడదన్నది నియమం కనుక, జీతం మీద చేరితే సన్నదు (ప్రాక్టీసు చేయడానికి ఇచ్చే అనుమతి పత్రం) విషయం బార్ కౌన్సిల్‌కు తెలియజేయవలసి ఉంటుంది. కేసుకు ఇంత అని ఫీజు ఇచ్చే ఒప్పందం అయితే ఆ చిక్కు రాదు.

బతుకుదెరువు సంగతికి వస్తే, జూనియర్లకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు నెలకు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది గాని అది సూచన మాత్రమే. చేరే రోజునే సీనియర్ గారిని మర్యాదగా అడిగి తెలుసుకోండి. దానితో పాటు చెక్కు బౌన్సు కేసులు, వారసత్వ ధ్రువపత్రాలు, సాధారణ దావాలు కొన్ని మీ పేరున చేస్తూ ఉండండి. ఆ ఆదాయమే మీ పేద కక్షిదారుల కేసులను నిలబెడుతుంది. ఈ వారంలోనే మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి, అసిస్టెంట్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో అడిగి, పారా లీగల్ వాలంటీర్ల జాబితా సంపాదించండి.