సమస్య: చాటునన్ జేసెఁ జాటింపు సకలు లెఱుఁగ

మోడరేటరు: పొద్దున చెత్తబండి మైకు వీధి మలుపు అవతలి నుంచే ఊదరగొట్టింది. బండి కనపడదు, తడిచెత్త-పొడిచెత్త మాత్రం మేడ మీదికి వినపడుతోంది. పళ్ళు తోముకుంటుంటే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి, కానివ్వండి.

పాతపలక:
ఎండ మండెడు వేసవి నేమి సేయు?
డప్పు మెడ దాల్చి వీథుల డస్సి డస్సి
ఊరి ముంగిట నున్నట్టి యూడ మఱ్ఱి
చాటునన్ జేసెఁ జాటింపు సకలు లెఱుఁగ.

ఏకసంథ: మఱ్ఱిని తగిలించడం బాగుంది మాష్టారూ. 'నున్నట్టి' మాత్రం గణం నింపడానికి ఉన్నట్టిది. 'డస్సి' తర్వాత అచ్చుతో పాదం ఎత్తుకున్నారు, 'యూరి' అనాలి. మొన్న కందంలో బరువుకీ చెఱువుకీ ప్రాస కలిపిన చెయ్యి కదా, చిన్నవాటికి జంకదు.

పాతపలక: చెఱువులో ఉన్నది బండిరా (ఱ), బరువులోని 'ర'తో ప్రాస కుదరదని అప్పుడే ఒప్పుకున్నాను. ఇంకా ఎన్నాళ్ళు ఈదుతారు అందులో? 'యూరి' దిద్దుకున్నా. తమరి పూరణ ఏదీ?

ఏకసంథ:
బొమ్మలాటకు వచ్చిన ప్రోలి జనులు
మాట వినుచుండ దీపాల మసకలోన
రాము పెండ్లిని గథకుండు రంగు తెరల
చాటునన్ జేసెఁ జాటింపు సకలు లెఱుఁగ.

పాతపలక: తోలుబొమ్మలాటలో రంగులు బొమ్మలకండీ, తెర తెల్లపంచె. రంగు తెరలు కావాలంటే సురభి నాటకానికి వెళ్ళాలి.

మోడరేటరు: 'రంగు' తీసి 'రాత్రి' పెట్టండి. యతి చెడదు, చీకటే తెర అవుతుంది.

గోరువంక: తప్పు సమస్యలోనే ఉందేమో చూశారా? చాటింపు వేస్తారు గానీ చేస్తారా? 'చాటునన్ వేసెఁ' అన్నా గణం అదే.
చాటు ధాతువు తమిళంలో చాఱ్ఱు, కన్నడంలో సాఱు. అక్కడి ఱ్ఱ మన దగ్గర ట అయింది, మాఱ్ఱం మాట అయినట్టు. దాక్కునే చాటు వేరే మాట. చాటువు సంస్కృతం ఇచ్చింది, ఇచ్చకపు మాట అని. దండోరా ఉర్దూ దారిన వచ్చింది. ఇక చాటించు ప్రేరణార్థకం: తప్పెట కొట్టే తలారి చాటుతాడు, కొట్టించే దొర చాటిస్తాడు. మీ ఇద్దరి పద్యాల్లోనూ దొర లేడు. 'చేసె'ను ఆ దొరకి కట్టబెడితే మోడరేటరుగారి పరువు దక్కుతుంది:

పన్ను పెంచిన సంగతి ప్రజకుఁ దెలుప
నెదుట నిలువంగ జంకెడు నేలిక తన
భటునిఁ బంపించి డప్పుతోఁ బడకటింటి
చాటునన్ జేసెఁ జాటింపు సకలు లెఱుఁగ.

మోడరేటరు: బతికించారు. 'వేసె' తట్టలేదని ఒప్పుకోకుండానే బయటపడ్డాను.

ఏకసంథ: ప్రేరణార్థకం బాగానే పట్టారు. అన్వయం చూసుకోండి మరి: 'డప్పుతోఁ బడకటింటి' అంటే డప్పు కూడా పడకటింట్లోకే వెళ్ళినట్టుంది. రాణీగారు ఊరుకున్నారా?

పాతపలక: హమ్మయ్య. ఇక నా చెఱువు జోలికి రారు.