మనవలిద్దరితో నగరంలో ఒక రోజు: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

ప్రశ్న

వచ్చే ఆదివారం తొమ్మిదేళ్ల మనవరాలిని, నాలుగేళ్ల మనవడిని వెంటబెట్టుకొని నేనూ మావారూ నగరంలో ఒక రోజు గడపాలనుకుంటున్నాము. తల్లిదండ్రులు లేకుండా పిల్లలను మేమిద్దరమే తీసుకువెళ్లడం ఇదే మొదటిసారి. ఉదయం జంతు ప్రదర్శనశాల, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం పార్కు అని కాగితం మీద రాసుకున్నాను. పిల్లలు మళ్లీ ఏడాదికి గానీ రారు కనుక అన్నీ చూపించాలని ఆశ. అయితే నాకు మోకాళ్ల నొప్పి, ఎక్కువసేపు నిలబడలేను. ఆయన మధ్యాహ్నం వేళకు మాత్ర వేసుకోవాలి. ఇది మాకు సాధ్యమేనా? జనంలో చిన్నవాడు చెయ్యి విడిపించుకొని పరుగెత్తితే ఎలాగన్నది అన్నిటికన్నా పెద్ద భయం.

మొదటి సమాధానం

అమ్మా, ఆ మూడింటిలో రెండు తీసివేయండి. మ్యూజియం ఒక్కటి చాలు. తలుపులు తెరిచే వేళకే చేరుకుంటే జనం పలుచగా ఉంటారు, కూర్చోవడానికి బల్లలూ ఖాళీగా దొరుకుతాయి. గది తరువాత గది తిప్పకుండా ఒకటి రెండు గదులు ఎంచుకొని, కొమ్ములున్న జంతువులు ఎన్ని బొమ్మల్లో ఉన్నాయో వెతకమని చెబితే ఇద్దరూ కలిసి వెతుకుతారు.

పిల్లలు ఏది చూసి సంతోషిస్తారో మనం ముందుగా నిర్ణయించలేము. కిందటి సెలవుల్లో మా మనవడు లోపలి వస్తువులన్నీ వదిలేసి, బయట గుంత తవ్వుతున్న యంత్రం ముందు నిలబడిపోయాడు. దాని తొట్టి మట్టిని పైకెత్తిన ప్రతిసారీ వాడూ మోచెయ్యి మడిచి, గుప్పిట పైకి లేపి, పక్కకు తిప్పి విప్పాడు. కంచెకు ఇవతల అరుగు మీద కూర్చొని నేను నలభై నిమిషాలు వాడినే చూశాను. రాత్రి వాడు తల్లికి చెప్పినదంతా ఆ యంత్రం గురించే.

ఇంకొక మాట. వయసు పెరిగే కొద్దీ దాహం సరిగా తెలియదు కనుక, పిల్లలకు నీళ్లు ఇచ్చినప్పుడల్లా మీరిద్దరూ తప్పక తాగండి.

రెండవ సమాధానం

మీ భయానికి కారణం ఉన్నది, కానీ దానికి ఏర్పాటు కూడా ఉన్నది. బయలుదేరే ముందు, ఆ రోజు వేసుకున్న బట్టలు కనబడేలా పిల్లలిద్దరికీ ఫోటో తీయండి. కంగారులో చొక్కా రంగు కూడా గుర్తుకు రాదు. మీ ఫోన్ నంబరు రాసిన చీటీని వాడి జేబులో పెట్టండి. పేరును మాత్రం బయటకు కనబడేలా రాయవద్దు, ఎందుకంటే పేరు పెట్టి పిలిచినవారిని పిల్లలు తెలిసినవారే అనుకుంటారు. తప్పిపోతే ఎక్కడికీ వెళ్లకుండా ఉన్నచోటనే నిలబడాలని, యూనిఫాం వేసుకున్న ఉద్యోగికో పిల్లలను వెంటబెట్టుకున్న తల్లికో చెప్పాలని ఇంట్లోనే రెండు మూడుసార్లు ఆడించి నేర్పండి. అమ్మమ్మ పేరేమిటని అడిగితే "అమ్మమ్మ" అనే చెప్పే వయసది కనుక, మీ పూర్తి పేరు కూడా నేర్పాలి.

రోడ్డు దగ్గర మాటలతో సరిపెట్టుకోవద్దు. వచ్చే వాహనం ఎంత వేగంగా వస్తున్నదో ఆ వయసు పిల్లలు అంచనా వేయలేరు. ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి దిగితే వాడి ఎత్తుకు డ్రైవరుకు కనబడనే కనబడడు. వాహనాల వైపు మీరు నడుస్తూ వాడిని లోపలి వైపు ఉంచండి. ఎస్కలేటరు మీద మెత్తటి రబ్బరు చెప్పులు అంచుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి వాడికి బిగుతైన బూట్లు వేయండి. మీ మోకాళ్లకు లిఫ్టే మేలు.

మూడవ సమాధానం

ఒక్క చోటు చాలన్న మాట నిజమే గానీ, ఆ రోజంతా చిన్నవాడి చుట్టూనే తిరిగితే తొమ్మిదేళ్ల పిల్లకు అన్యాయం జరుగుతుంది. "నువ్వు పెద్దదానివి, సర్దుకో" అనే మాటను ఆ పిల్ల రోజూ ఇంట్లో వింటూనే ఉంటుంది. మ్యాపు ఆమె చేతికివ్వండి. ఏ స్టాపులో దిగాలో ఆమెనే చెప్పనివ్వండి. మ్యూజియంలో ఒక గంట మీరిద్దరూ విడిపోయి, ఒకరు చిన్నవాడిని ఆరుబయట ఆడిస్తుంటే మరొకరు ఆమెతో ఆమెకు నచ్చిన గదిలో ఉండండి. మాత్ర వేసుకునే వేళకు అందరూ కలిసేలా చూసుకుంటే ఆ పనీ మరచిపోరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మ్యూజియం ఒక్కటే ఉంచాము. మనవరాలు నిన్న రాత్రే మ్యాపు మీద దారిని ఎర్ర పెన్సిలుతో గీసి పెట్టుకున్నది. చిన్నవాడు నా పూర్తి పేరు చక్కగా చెబుతున్నాడు గానీ, ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలూ తారుమారు చేస్తున్నాడు. చీటీ జేబులో పెట్టి పిన్ను గుచ్చుతాను.